ఎముక అతికింది సరే, ట్రాక్ మీదికి ఎప్పుడు?

ప్రశ్న

పేరు రాయవద్దని కోరిన ఒక పాఠకుడు నాలుగు పేజీల ఉత్తరం పంపారు. అందులోని ముఖ్య విషయాలు ఇవి. ఆయన వయసు 38. కాలేజీ రోజుల నుంచి బైకు నడుపుతున్నారు. వేగం మీద ఉన్న మోజును రోడ్డు మీద తీర్చుకోవడం తనకూ పరులకూ ముప్పేనని గ్రహించి, కొంతకాలంగా ట్రాక్ డేలకు, అంటే మామూలు రైడర్లు డబ్బు కట్టి రేసు ట్రాక్ మీద బైకు నడుపుకునే రోజులకు, వెళ్తున్నారు. నాలుగు నెలల క్రితం అలాంటి ఒక రోజున, మధ్యాహ్న విరామం తర్వాత జరిగిన మొదటి సెషన్‌లో, ఇంకా రెండో ల్యాప్ కూడా పూర్తికాకముందే, ఒక కుడి మలుపులోంచి బయటపడుతూ థ్రాటిల్ (యాక్సిలరేటర్) ఇచ్చిన క్షణంలో వెనక చక్రం జారింది. ఆ తర్వాత ఆయనకు గుర్తున్నది అంబులెన్సు పైకప్పు మాత్రమే. బైకు ఆయనను ఎత్తి ఎడమవైపుకు విసిరేసిందని చూసినవారు చెప్పారు. ఎడమ కాలర్‌బోన్ విరిగితే ప్లేటు వేసి స్క్రూలు బిగించారు. మూడు పక్కటెముకలు చిట్లాయి. తలకు స్కాన్ తీసి, భయపడవలసిందేమీ లేదని, మెదడు కుదుపుకు లోనైందని చెప్పి విశ్రాంతి తీసుకోమన్నారు.

ఇటీవల ఎక్స్‌రే చూసిన సర్జన్, ఎముక అతికిందనీ మామూలు పనులన్నీ చేసుకోవచ్చనీ చెప్పారు. అయితే సాయంత్రమయ్యేసరికి, ముఖ్యంగా కంప్యూటర్ ముందు ఎక్కువసేపు కూర్చున్న రోజుల్లో, తలనొప్పి వస్తోంది. సీసా మూత తిప్పబోతే ఎడమ బొటనవేలి మొదట్లో కలుక్కుమంటోంది. రాత్రిపూట పదే పదే మెలకువ వస్తోంది. వీధిలో ఏదైనా పెద్ద బైకు గేరు మార్చిన చప్పుడు వినబడితే అరచేతులు చెమటపడుతున్నాయి. ఒకరోజు ఇంట్లో ఎవరూ లేనప్పుడు షెడ్డులోకి వెళ్లి, గీతలు పడిన ఆ పాత హెల్మెట్ పెట్టుకుని, వంగిన హ్యాండిల్ పట్టుకుని బైకు మీద కూర్చున్నారట. గడ్డం కింది పట్టీ బిగించుకునేలోగానే చేతులు వణికి దిగిపోయారు. ఇవేవీ భార్యకు చెప్పలేదు. బైకు అమ్మేయమని ఆమె కూడా నోరు తెరిచి అనలేదు గానీ, ఆ మర్నాటి నుంచి షెడ్డు తాళంచెవి ఆమె హ్యాండ్‌బ్యాగులో ఉంటోంది.

పడినవాడు వెంటనే ఎక్కకపోతే ఇక జన్మలో ఎక్కడని మిత్రబృందం అంటోంది. ఆపరేషన్ అయిన వారానికే రేసుల్లో దిగిన వీరుల కథలు చెబుతోంది. మరో ఐదు వారాల్లో ఉన్న ట్రాక్ డేకు ప్రమాదానికి ముందే డబ్బు కట్టేశారు. ఇంకొక బరువు కూడా ఉంది. ఆయన వెనకే వస్తున్న ఒక రైడర్, అడ్డంగా పడిన బైకును తప్పించబోయి ట్రాక్ పక్కన ఉండే కంకర మేటలోకి దూసుకెళ్లి పడిపోయాడు. అతనికి చీలమండ విరిగింది. ఆ రైడర్ బైకుకు బిగించిన కెమెరాలో ప్రమాదమంతా రికార్డయింది. ఎవరో పంపిన ఆ వీడియోను ఈయన ఇంతవరకు తెరవలేదు, అతనికి ఫోనూ చేయలేదు. ఐదు వారాల్లో ట్రాక్‌కు వెళ్లాలా, లేక పూర్తిగా మానేయాలా? వీడియో చూడాలా? ఫోన్ చేస్తే తప్పు ఒప్పుకున్నట్లవుతుందా? ఇవీ ఆయన ప్రశ్నలు.

సమాధానం

మీరు చివర అడిగిన ప్రశ్నలన్నింటికీ జవాబు చెబుతాను. కానీ ఉత్తరం మధ్యలో ఒక్కొక్క వాక్యంతో దాటేసిన రెండు విషయాలు, అంటే సాయంత్రపు తలనొప్పి, బొటనవేలి మొదట్లో నొప్పి, నన్ను ముందుగా కలవరపెట్టాయి. ట్రాక్ సంగతి ఏమైనా కానివ్వండి, ఈ రెండింటినీ ఈ వారంలోనే వైద్యులకు చూపించాలి.

తలనొప్పి సంగతి చూద్దాం. స్కాన్‌లో ఏమీ లేదన్నారంటే రక్తస్రావంగానీ పుర్రె ఎముకలో పగులుగానీ కనబడలేదని అర్థం. కుదుపు వల్ల మెదడు పనితీరులో వచ్చే మార్పు మామూలు స్కాన్‌కు అందదు. పెద్దవారిలో చాలామందికి ఆ లక్షణాలు కొద్ది వారాల్లోనే సర్దుకుంటాయి. నాలుగు వారాలు దాటినా పోకపోతే ప్రత్యేకంగా పరీక్షించవలసిందే. మీకు నాలుగు నెలలైంది. కారణం మెదడే కానక్కర్లేదు. ఆ దెబ్బకు మెడ కండరాలు, కీళ్లు పట్టేసి ఉండవచ్చు, కళ్ల సమన్వయం దెబ్బతిని ఉండవచ్చు, నిద్ర చాలకపోవడమే కావచ్చు, రోజూ మింగే నొప్పి మాత్రలే తలనొప్పిని తెచ్చిపెడుతూ ఉండవచ్చు. వీటిలో ప్రతిదానికీ వేరువేరు చికిత్స ఉంది కాబట్టే ఊహించుకుంటూ కూర్చోవడం దండగ. అయితే ఒక హెచ్చరిక. నొప్పి రోజురోజుకూ ఎక్కువవుతున్నా, వాంతులు, మగత, మాట తడబాటు, ఒక పక్క చెయ్యి లేదా కాలు బలహీనపడటం వంటివి కనిపించినా అపాయింట్‌మెంటు కోసం ఎదురుచూడకుండా అత్యవసర విభాగానికి వెళ్లండి. తలకు దెబ్బ తగిలిన కొన్ని వారాల తర్వాత కూడా మెదడు పైపొరల కింద రక్తం నెమ్మదిగా చేరే అవకాశం ఉంటుంది.

మీ సర్జన్ ఇచ్చిన అనుమతి కాలర్‌బోన్‌కు సంబంధించినది. తలనొప్పి ఉందని మీరు ఆయనకు చెప్పినట్లు ఉత్తరంలో ఎక్కడా లేదు. మెదడు కుదుపు తర్వాత క్రీడలకు ఎలా తిరిగి రావాలో 2022లో ఆమ్‌స్టర్‌డామ్‌లో జరిగిన అంతర్జాతీయ సమావేశం ఆరు మెట్లుగా నిర్దేశించింది. రోజువారీ పనులతో మొదలై, తేలికపాటి వ్యాయామం, ఆ ఆటకు సంబంధించిన కదలికలు, ఇలా సాగుతుంది. ఒక్కొక్క మెట్టుకు కనీసం ఒక రోజు పడుతుంది. తలకు మళ్ళీ దెబ్బ తగిలే అవకాశమున్న మెట్టు ఎక్కాలంటే మాత్రం లక్షణాలు పూర్తిగా పోయి ఉండాలి, వైద్యుడు పరీక్షించి సరేననాలి. ట్రాక్ ఏ మెట్టు కిందికి వస్తుందో మీకు వేరే చెప్పనక్కర్లేదు. మొదటి కుదుపు నుంచి పూర్తిగా కోలుకోకముందే రెండోది తగిలితే కోలుకోవడం మరింత దీర్ఘమవుతుంది.

ఇక బొటనవేలు. వేలిని బాగా పైకెత్తి పట్టుకుంటే దాని మొదట్లో, మణికట్టు పక్కన, రెండు నరాల్లాంటి స్నాయువుల మధ్య చిన్న గుంట కనబడుతుంది. అక్కడ నొక్కితే నొప్పి పుడుతోందా? చేతి మీద పడినప్పుడు ఆ గుంట అడుగున ఉండే స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక చిట్లడం మోటార్‌సైకిల్ ప్రమాదాల్లో తరచుగా జరిగేదే. ఆ పగులు మొదటి రోజు ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు. పెద్ద గాయాల హడావుడిలో దాన్ని ఎవరూ వెతకకపోవడమూ మామూలే. ఆ ఎముకకు రక్తం ప్రధానంగా వేళ్ల వైపు కొస నుంచి అందుతుంది కాబట్టి అతకడం కష్టం. అతకకుండా వదిలేస్తే కొన్నేళ్లకు మణికట్టు కీలు అరిగిపోతుంది. మీది స్నాయువు బెణుకే కావచ్చు, ఉత్తరం చదివి ఎవరూ తేల్చలేరు. చేతి ఎముకల నిపుణుడికి చూపించి, అవసరమైతే ఎమ్మారై లేదా సీటీ స్కాన్ అడగండి. క్లచ్ పట్టేది ఆ చేత్తోనే కదా.

కాలర్‌బోన్ విషయంలోనూ సర్జన్‌ను మరోసారి కలిసి, ఈసారి ప్రశ్న మార్చి అడగమని నా సలహా. మామూలు పనులు చేసుకోవచ్చా అని అడిగితే ఆయన దానికే జవాబిచ్చారు. పొడవాటి నిటారు దారి చివర గట్టిగా బ్రేకు వేసినప్పుడు ఒంటి బరువంతా రెండు చేతుల మీదుగా ఈ ఎముకకు చేరుతుందని చెప్పండి. ఆ తర్వాత, ‘ఇదే భుజం మీద మళ్ళీ పడితే ఏమవుతుంది?’ అని సూటిగా అడగండి. ప్లేటు ఉన్నచోట మళ్ళీ దెబ్బ తగిలితే ఎముక ప్లేటు అంచు దగ్గర విరగవచ్చు, ప్లేటే వంగవచ్చు. రెండోసారి సరిచేయడం మొదటిసారంత సులువు కాదు. జవాబు విన్నాక ఎంత తెగింపుకు సిద్ధపడతారో నిర్ణయించుకోవలసింది మీరే. తెలిసి తెగించడం వేరు, తెలియక తెగించడం వేరు.

మీ మిత్రులు చెప్పే వీరుల కథలు నాకూ తెలుసు. చిక్కేమిటంటే అవి సగంలో ఆగిపోతాయి. 2013లో నెదర్లాండ్స్‌లోని అసెన్‌లో, మోటార్‌సైకిల్ రేసుల ప్రపంచ ఛాంపియన్‌షిప్ అయిన మోటోజీపీలో పోటీపడే హోర్హే లొరెంజో గురువారం కాలర్‌బోన్ విరగ్గొట్టుకుని, బార్సిలోనాకు వెళ్లి ప్లేటు వేయించుకుని, శనివారం రేసులో ఐదో స్థానంలో నిలిచిన మాట నిజం. మీకు విరిగిందీ ఆ ఎడమ ఎముకే. కానీ రెండు వారాలు తిరగకుండానే జర్మనీలోని సాక్సెన్‌రింగ్‌లో అదే భుజం మీద పడి, ప్లేటు వంగి, మళ్ళీ ఆపరేషన్ చేయించుకున్నారు; ఆ రేసు తప్పిపోయింది. ఆ ఏడాది ప్రపంచ టైటిల్‌ను ఆయన నాలుగు పాయింట్ల తేడాతో కోల్పోయారు. ఆ టైటిల్ గెలిచిన మార్క్ మార్కెజ్ కథ ఇంకా కఠినమైనది. 2020 జూలైలో స్పెయిన్‌లోని హెరెజ్‌లో కుడి భుజం ఎముక విరిగితే, ఆపరేషన్ అయిన కొద్ది రోజులకే బైకెక్కి, చెయ్యి సహకరించక విరమించుకున్నారు. ఆ తర్వాత ఇంట్లో కిటికీ తెరవబోతే ప్లేటు దెబ్బతింది. మళ్ళీ ఆపరేషన్, డిసెంబరులో మూడోది, 2022లో నాలుగోది. ఆ మొదటి సీజన్ మొత్తం పోయింది. ఆయన మళ్ళీ ప్రపంచ ఛాంపియన్ కావడానికి 2025 దాకా పట్టింది. వారికి జీతమిచ్చే జట్టు, వెంట ఉండే వైద్యులు ఉన్నారు, బైకు నడపడమే వారి వృత్తి. మీరు సోమవారం ఉద్యోగానికి వెళ్లాలి.

వెంటనే ఎక్కకపోతే ఇక ఎక్కలేవన్న మాటలో కొంత నిజం లేకపోలేదు. భయపెట్టేదాన్ని తప్పించుకు తిరిగేకొద్దీ భయం బలపడుతుందన్నది మనోవైద్యులూ ఒప్పుకునే విషయమే. అయితే దానికి విరుగుడుగా వారు సూచించేది భయాన్ని చిన్న చిన్న మోతాదుల్లో, శరీరం తట్టుకోగలిగిన వరుసలో ఎదుర్కోవడం. ట్రాక్ మీద భయం మనసులోనే ఉండిపోదు, చేతుల్లోకి దిగుతుంది. హ్యాండిల్‌ను బిగించి పట్టుకుంటారు, మోచేతులు కర్రల్లా అవుతాయి, చూపు మలుపు చివరకు పోకుండా ముందు చక్రం ఎదుటే ఆగిపోతుంది, మలుపు మధ్యలో ఉలిక్కిపడి థ్రాటిల్ మూసేస్తారు. ఈ చివరి పని ఎంత చేటో కాసేపట్లో చెబుతాను.

చప్పుడు వింటే చెమటలు పట్టడం, నిద్ర చెదరడం, వీడియో తెరవలేకపోవడం వంటివి ప్రమాదం తర్వాత తొలి వారాల్లో ఎవరికైనా ఉంటాయి. నెల దాటినా ఉంటే నిపుణుల సాయం తీసుకోవడం మంచిది, మీకు ఆ గడువు ఎప్పుడో దాటింది. ఇది పిరికితనం కాదని మీకు ఎవరో ఒకరు చెప్పాలి కాబట్టి నేను చెబుతున్నాను. ఇలాంటి స్థితికి బాగా పనిచేస్తాయని రుజువైన చికిత్సలు ఉన్నాయి: ప్రమాద జ్ఞాపకాలనే కేంద్రంగా పెట్టుకుని చేసే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ ఒకటి, కళ్ల కదలికల సాయంతో చేసే ఈఎండీఆర్ మరొకటి. ఎక్కువమందికి ఏళ్ల తరబడి అక్కర్లేదు, కొన్ని వారాల సిట్టింగులు చాలు. మీరు మళ్ళీ బైకెక్కకూడదని నిర్ణయించుకున్నా సరే ఇది అవసరం, ఎందుకంటే వీధిలో బైకులు తిరగడం మానవు, రాత్రి నిద్ర మీకు కావాలి.

షెడ్డులో జరిగినదాన్ని ఓటమిగా లెక్కపెట్టకండి. ఒంటరిగా, దొంగచాటుగా, ప్రమాదంలో దెబ్బతిన్న హెల్మెట్ పెట్టుకుని, విరిగిన బైకు మీద కూర్చోవడం మొదటి మెట్టు కానేకాదు, అది దాదాపు చివరి మెట్టు. సులువైన చోట మొదలుపెట్టండి. ఎవరైనా తోడుండగా మరొకరి బైకు పక్కన నిలబడటం, ఇంజిన్ నడుస్తుండగా కాసేపు ఉండటం, ఖాళీ మైదానంలో నెమ్మదిగా నడపడం, పగటివేళ తెలిసిన దారిలో కొద్ది దూరం వెళ్లడం, ఇలా సాగాలి. ఏ మెట్టు దగ్గరైనా గుండెదడ దానంతట అది తగ్గేదాకా పదేపదే అదే చేసి, తర్వాతే పైకి వెళ్లాలి. వణుకుతూ గబగబా ముగించి హమ్మయ్య అనుకుంటే మెదడు నేర్చుకునేది తప్పించుకోవడమే. నడిపే మెట్లు తల, చెయ్యి చూసిన వైద్యులు సరేనన్నాకే. కొందరు బైకు లేకుండా ట్రాక్‌కు వెళ్లి చూసి వస్తారు. అది కొందరికి ఊరటనిస్తుంది, కొందరికి ఒక్కసారిగా మీద పడినట్లుంటుంది. వెళ్తే మాత్రం ఎప్పుడంటే అప్పుడు బయటపడే ఏర్పాటుతో వెళ్లండి. ఆ హెల్మెట్‌ను పారేయండి. లోపలి ఫోమ్ పొర ఒక్క దెబ్బకే నలిగిపోయేలా చేసినది, పైకి గీతలే కనబడినా అది తన పని చేసేసింది.

వీడియో గురించి అడిగారు. ముందుగా ఒక అపోహ తొలగించాలి. అది చూస్తే మరచిపోయిన క్షణాలు తిరిగి వస్తాయని ఆశ ఉంటే వదులుకోండి. కుదుపు తగిలినప్పటి జ్ఞాపకం చాలాసార్లు మెదడులో నమోదే కాదు. వీడియో వల్ల కలిగే లాభం ఒక్కటే, కారణం తెలియడం. మీ వర్ణనను బట్టి అది హైసైడ్ అనుకోవచ్చు. వాలి ఉన్న బైకుకు థ్రాటిల్ ఎక్కువగా ఇస్తే వెనక టైరు పట్టు తప్పి పక్కకు జారుతుంది. ఉలిక్కిపడిన రైడర్ థ్రాటిల్ ఠక్కున మూసేస్తాడు. అప్పుడు టైరుకు పట్టు ఒక్కసారిగా తిరిగి దొరికి, పక్కకు తిరిగి ఉన్న బైకు ఒక్క కుదుపుతో నిటారుగా లేచి, పైవైపుకు మనిషిని విసిరేస్తుంది. కుడి మలుపులో మీరు ఎడమవైపు పడటానికి కారణం అదే. విరామం తర్వాత మొదటి సెషన్, రెండో ల్యాప్ అన్నారు. విరామంలో టైర్లు చల్లబడి ఉంటాయి. ఉదయం సెషన్లలో ఏ థ్రాటిల్‌కు పట్టు దొరికిందో, చేతికి అదే అలవాటై ఉంటుంది. ఇది నా ఊహ మాత్రమే. టైరులో గాలి ఎంత ఉంది, నేల మీద నూనె ఏమైనా పడిందా అన్నవి చూసినవారే చెప్పాలి.

చూడటానికి మూడు దారులున్నాయి. రాత్రిపూట ఒంటరిగా ఫోన్‌లో చూడటం అన్నింటిలోకీ చెడ్డది, మళ్ళీ మళ్ళీ వెనక్కి జరిపి చూస్తూ తెల్లవారుస్తారు. మీకు నమ్మకమున్న ట్రాక్ శిక్షకుడికి పంపి, ఆయనను చూసి కారణం మాత్రం చెప్పమనడం రెండో దారి. కావలసిన సమాచారం దొరుకుతుంది, దృశ్యం మీ తలలో చేరదు. చికిత్స మొదలయ్యాక థెరపిస్టుతో మాట్లాడి, ఆ వరుసలో దాన్నీ ఒక మెట్టుగా చూడటం మూడోది. రెండో దారితో మొదలుపెట్టి, మూడోదాన్ని తర్వాతకు ఉంచుకోవడం మేలని నాకనిపిస్తోంది. అసలు చూడకపోయినా కొంపలేమీ మునగవు. కాకపోతే కారణం తెలియని భయం ప్రతి మలుపుకూ అంటుకుంటుంది. చల్లటి టైరు, తొందరపడిన థ్రాటిల్ అని తెలిస్తే జాగ్రత్త పడవలసినది ఎక్కడో తెలుస్తుంది.

అవతలి రైడర్‌కు ఫోన్ చేయండి. ట్రాక్ డేలలో సాధారణంగా ముందున్నవారితో తగినంత దూరం పాటించి, తప్పించి దాటే బాధ్యత వెనక వచ్చేవారిది. అందరూ ప్రమాదాన్ని ఎరిగే వచ్చామని సంతకం పెట్టి మరీ లోపలికి వెళ్తారు. కాబట్టి అతని గాయాన్ని అంతా మీ నెత్తిన వేసుకోనక్కర్లేదు. అయినా నాలుగు నెలల మౌనాన్ని అతను మరోలా అర్థం చేసుకుని ఉండవచ్చు. ‘మీ కాలు ఎలా ఉంది? నేను కూడా ఇప్పుడిప్పుడే కోలుకుంటున్నాను, ముందే పలకరించవలసింది’ అంటే తప్పు ఒప్పుకున్నట్లు కాదు. ప్రమాదం ఎవరివల్ల, ఖర్చు ఎవరు భరించాలి అన్న చర్చలోకి మాత్రం ఫోన్‌లో దిగకండి. ఇప్పటికే నోటీసుగానీ బీమా కంపెనీ నుంచి లేఖగానీ వచ్చి ఉంటే ముందు న్యాయవాదిని సంప్రదించండి. అతను కోపంగా మాట్లాడవచ్చు, ఫోన్ ఎత్తకపోవచ్చు కూడా. అలాగైతే రెండు వాక్యాల సందేశం పంపి వదిలేయండి, బదులు కోసం వెంటపడవద్దు.

ఇక ఐదు వారాల తర్వాతి ట్రాక్ డే. వెళ్తే డబ్బు వృథా కాదు, మిత్రుల ముందు మాట దక్కుతుంది. కానీ తలనొప్పికి కారణం తేల్చుకుని, మణికట్టు చూపించుకుని, వణుకు తగ్గించుకుని, కొత్త హెల్మెట్, బాగుచేసిన బైకు సమకూర్చుకుని అంతలోనే సిద్ధం కావడం నాకు సాధ్యంగా తోచడం లేదు. పూర్తిగా మానేస్తున్నానని ఇప్పుడే ప్రకటించినా ఇబ్బందే. భయం ఉధృతంగా ఉన్నప్పుడు తీసుకున్న నిర్ణయాన్ని భయం తగ్గాక మనసు మళ్ళీ తిరగదోడుతుంది, అప్పుడు ఆ నెపం ఇంట్లోవారి మీదికి పోతుంది. మూడో దారి, నిర్వాహకులకు వైద్యుల పత్రం పంపి, తేదీ మార్చమనో, మరొకరికి బదలాయించమనో అడగడం. వారు ఒప్పుకోకపోతే పోయేది డబ్బొక్కటే. మళ్ళీ వెళ్లే రోజంటూ వస్తే, మొదట శిక్షకుడి వెంట, నెమ్మదిగా వెళ్లేవారి గ్రూపులో, కాలర్‌బోన్‌కూ పక్కటెముకలకూ కొంత రక్షణనిచ్చే ఎయిర్‌బ్యాగ్ తొడుక్కుని వెళ్లండి. మోటోజీపీలో 2018 నుంచి అది తప్పనిసరి. మీ బీమా పత్రం కూడా తీసి చదవండి, ట్రాక్ మీద జరిగిన ప్రమాదాలకు వర్తించని పాలసీలు చాలా ఉన్నాయి.

మీ శ్రీమతికి ఏమీ చెప్పలేదన్నారు గానీ, తాళంచెవి హ్యాండ్‌బ్యాగులోకి చేరిందంటే ఆమెకు చాలావరకు తెలుసనే అనుకోవాలి. ఆసుపత్రి వరండాలో కూర్చున్నది ఆమె. మీకు గుర్తులేని ఆ గంటలన్నీ ఆమెకు గుర్తున్నాయి. చెబితే బైకు అమ్మించేస్తుందని మీ భయం కావచ్చు. అలా జరగవచ్చు కూడా. విరిగిన బైకును అమ్మేసినంత మాత్రాన మళ్ళీ ఎప్పటికీ నడపకూడదని కాదు, బాగుచేయించినంత మాత్రాన ట్రాక్‌కు వెళ్లి తీరాలనీ కాదు. ఆ రెండింటినీ విడదీసి మాట్లాడితే ఇద్దరికీ ఊపిరాడుతుంది. మాట ఎలా మొదలుపెట్టాలో తోచకపోతే, తలనొప్పి గురించి వైద్యుడి దగ్గరికి వెళ్తున్నానని చెప్పి ఆమెను వెంట రమ్మనండి. రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారో, మాటల మధ్యలో ఏం మరచిపోతున్నారో ఆ గదిలో మీకంటే ఆమే సరిగ్గా చెప్పగలుగుతారు.